1757లో బొబ్బిలి, ప్లాసీ, విశాఖ: ఒకే ఏడాది, ఒకే గొలుసు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఊరి గ్రంథాలయంలో పిల్లల చేత గోడపత్రిక వేయిస్తున్నారు. "ఒక ఏడాది కథ" అనే శీర్షికకు 1757 ఎంచుకున్నారు. ఎంత వెతికినా ప్లాసీ, బొబ్బిలి తప్ప మరేమీ దొరకలేదు. ఆ రెండిటికీ సంబంధం ఏమైనా ఉందా, జననాలు మరణాల కింద ఎవరిని పెట్టాలి, బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడి మరణానికి కోట పడిన జనవరి 24 అని వేయవచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. సంబంధం ఉంది, చాలా దగ్గరి సంబంధం. జనవరిలో బొబ్బిలి కోటను కూల్చినవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. జూన్‌లో ప్లాసీలో ఓడిన బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా తన సాయానికి రమ్మని ఉత్తరాలు రాసింది కూడా ఆ బుస్సీకే. అతను బెంగాల్ వెళ్లలేదు. వెనక్కి తిరిగి మన తీరంలోని ఇంగ్లీషు వాళ్ల స్థావరాలను పట్టుకున్నాడు. ప్లాసీ జరిగింది జూన్ 23న. విశాఖపట్నంలోని ఇంగ్లీషు కోట బుస్సీ చేతికి వచ్చింది కూడా జూన్ ఆఖరి వారంలోనే. ఒకే వారంలో ఇంగ్లీషు వాళ్లు బెంగాల్ గెలిచారు, విశాఖ పోగొట్టుకున్నారు. మీ గోడపత్రికకు నడిబొడ్డున పెట్టవలసింది ఈ మాట. పాపారాయుడికి మాత్రం జనవరి 24 వేయకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ఉత్తరాంధ్రలో ఒక డిగ్రీ కళాశాలలో 28 ఏళ్లు చరిత్ర చెప్పాను. ఏటా పిల్లలను బొబ్బిలి తీసుకెళ్లి యుద్ధ స్మారక స్తంభం దగ్గర నిలబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. అక్కడ ప్రతిసారీ ఒకే ప్రశ్న వచ్చేది: "మాస్టారూ, రెండు జమీందారీల మధ్య తగువులో ఫ్రెంచి వాడికేం పని?" దానికి జవాబు చెబితేనే 1757 అర్థమవుతుంది.

1753లో హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి వాళ్లకు ఇచ్చాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ (అంటే మన కొండపల్లి సీమ). ఆ శిస్తు డబ్బుతో బుస్సీ తన సైన్యానికి జీతాలు ఇచ్చుకోవాలి. శిస్తు వసూలు చేసి పెట్టడానికి స్థానికంగా బలం ఉన్నవాడు కావాలి. విజయనగరం పూసపాటి పెద విజయరామరాజు ఆ పని ఒప్పుకున్నాడు. శ్రీకాకుళం, రాజమండ్రి సర్కారుల కౌలు ఆయన చేతికొచ్చింది. ఆయనకూ బొబ్బిలి రాజు రంగారావుకూ పాత పగ. సరిహద్దులు, ఏటి నీళ్లు, హోదా, ఇవన్నీ అందులో ఉన్నాయి. బొబ్బిలి వాళ్లు తాతల నాటి కోట విడిచి వేరే సీమకు వెళ్లాలని బుస్సీ అడిగాడు. ఆ మాట రంగారావుకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఈలోగా బొబ్బిలి పొలిమేరలో ఫ్రెంచి సిపాయిల మీద దాడి జరిగింది. విజయరామరాజు కోరుకున్న కారణం దొరికింది. బుస్సీ ఫిరంగులు బొబ్బిలి ముందుకొచ్చాయి.

1757 జనవరి 24, సోమవారం. తెల్లవారుతూనే మొదలైన దాడి మధ్యాహ్నం దాటాక గాని తేలలేదు. కోట బురుజులకు గండ్లు పడుతున్నా లోపలివాళ్లు దిగలేదు. ఇక నిలవదని తేలాక ఆడవాళ్లు, పిల్లలు పరాయివాళ్ల చేత చిక్కకూడదని సొంతవాళ్లే వాళ్ల ప్రాణాలు తీసి, ఇళ్లకు నిప్పు పెట్టారు. ఈ భాగం పిల్లలకు ఎలా చెప్పాలో మీరు ఆలోచించుకోవాలి. నేను దాచేవాణ్ణి కాదు. వీరగాథ అని ఒక్క మాటలో తేల్చేవాణ్ణీ కాదు. ఆ రోజు కోటలో చచ్చిపోయిన పసిపిల్లలకు ఎవరూ ఇష్టాయిష్టాలు అడగలేదు కదా, ఆ సంగతి కూడా చెప్పేవాణ్ణి. ఆ పొగలోంచి ఒక ముసలాయన ఒక పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. తండ్రి ఇష్టానికి ఎదురెళ్లి ఈ రంగారావు కొడుకును కాపాడానని చెప్పాడట. బొబ్బిలి వంశం నిలిచింది ఆ పిల్లవాడి వల్లే. రంగారావు, ఆయన భార్య మల్లమ్మ దేవి, పాపారాయుడు అందరికీ తెలుసు. ఆ ముసలాయన పేరు ఎవరికీ తెలియదు. గోడపత్రికలో ఆయనకూ రెండు వాక్యాలు ఇవ్వండి.

ఇక బెంగాల్. 1756 జూన్‌లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాడు. దాన్ని తిరిగి తీసుకోవడానికి మద్రాసు నుంచి అక్టోబర్‌లో ఓడలు బయలుదేరాయి. వాటిలో ఇంగ్లీషు సేనాని క్లైవ్, నౌకా సేనాని వాట్సన్, సుమారు 900 మంది ఐరోపా సైనికులు, 1500 మంది సిపాయిలు. 1757 జనవరి 2న కలకత్తా మళ్లీ వాళ్ల వశమైంది. ఈ మద్రాసు సిపాయిల గురించి ఒక మాట. బెంగాల్, హిందుస్థానీ ప్రాంతాల్లో ఈస్టిండియా కంపెనీ సిపాయిని చాలాకాలం "తిలంగా" అని పిలిచేవారు. తెలుగు తీరం వైపు నుంచి వచ్చినవాళ్లు అన్న అర్థంలో మొదలై, తర్వాత ఏ ప్రాంతపు సిపాయికైనా అదే పేరు స్థిరపడింది. ప్లాసీ అనగానే మనకు క్లైవ్, మీర్ జాఫర్ గుర్తొస్తారు. ఆ మైదానంలో మన తీరం నుంచి వెళ్లినవాళ్లు కూడా నిలబడ్డారని పిల్లలకు తెలియాలి.

మార్చి 23న ఇంగ్లీషు వాళ్లు హుగ్లీ ఒడ్డున ఉన్న ఫ్రెంచి చంద్రనగరాన్ని పట్టుకున్నారు. అసలు మలుపు ఇక్కడ ఉంది. అప్పటికే ఐరోపాలో ఇంగ్లండు, ఫ్రాన్సు మధ్య సప్తవర్ష సంగ్రామం మొదలైంది. ఆ కబురు మన తీరానికీ చేరింది. బొబ్బిలి తర్వాత బుస్సీ ఉత్తరంగా గంజాం వైపు వెళ్లి ఉన్నాడు. అక్కడి నుంచి ఒరిస్సా దాటితే బెంగాల్. సిరాజ్ ఉత్తరాలు వస్తున్నాయి. బుస్సీ వస్తే ఏమవుతుందోనని క్లైవ్ కూడా భయపడ్డాడు. చంద్రనగరం పోయిందని తెలిశాక, చేరడానికి అక్కడ ఫ్రెంచి స్థావరమే లేనప్పుడు అంత దూరం వెళ్లి లాభం లేదని బుస్సీ వెనక్కి తిరిగాడు. దారిలో ఇంగ్లీషు వాళ్ల స్థావరాలు ఒక్కొక్కటీ తీసుకున్నాడు. గోదావరి సీమలో ఇంజరం, బెండమూర్లంక, నరసాపురం పక్కన మాధవాయిపాలెం. ఇవన్నీ నేత బట్టల కోసం వెలసిన వర్తక కేంద్రాలు. జూన్ చివర్లో విశాఖపట్నం.

బుస్సీ వెళ్లి ఉంటే ప్లాసీ ఫలితం మారేదా అని విద్యార్థులు అడిగేవారు. చరిత్రలో అలాంటి ప్రశ్నకు రుజువున్న జవాబు ఉండదు. నా అభిప్రాయం మాత్రం చెబుతాను: ప్లాసీలో తేడా తెచ్చింది ఫిరంగులకన్నా బేరం. నవాబు దగ్గర సుమారు 50 వేల మంది, క్లైవ్ దగ్గర సుమారు 3 వేలు. నవాబు సేనానులు మీర్ జాఫర్, రాయ్ దుర్లభ్ ఇంగ్లీషు వాళ్లతో కుదుర్చుకున్న బేరం ప్రకారం తమ దళాలతో కదలకుండా నిలబడిపోయారు. మధ్యాహ్నం వాన పడి నవాబు వైపు మందుగుండు తడిసింది. నమ్మకంగా పోరాడిన మీర్ మదన్ గుండు దెబ్బకు పడిపోయాడు. బుస్సీ లాంటి సేనాని పక్కన ఉంటే, కదలకుండా నిలబడాలనుకున్నవాళ్లు ఒప్పందానికి ముందే రెండుసార్లు ఆలోచించేవారు. జూలై 2న సిరాజ్‌ను ముర్షిదాబాద్‌లో చంపేశారు. ఆగస్టు 16న వాట్సన్ కలకత్తాలో జబ్బు చేసి పోయాడు. గెలిచిన రెండు నెలలు కూడా నిండకుండానే.

ఈ గొలుసు 1757తో ఆగలేదు. ఒక పక్క పెట్టెలో వేయండి. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు బుస్సీతో పొసగలేదు. 1758లో ఫ్రెంచి వాళ్ల నుంచి విశాఖపట్నాన్ని తీసుకుని, దాన్ని మీకే అప్పగిస్తాను రమ్మని ఇంగ్లీషు వాళ్లకు కబురు పెట్టాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి వాళ్లు ఓడారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. బెంగాల్ గెలుపు వల్ల చేతికొచ్చిన బలం ఏడాదిన్నరలో మన గోదావరి జిల్లాలోకి నడిచొచ్చింది. బొబ్బిలిలో మొదలైన పగకు, ప్లాసీలో కుదిరిన బేరానికి లెక్క తేలిన చోటు చందుర్తి. ఆ ఊరి పేరు మన పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది.

1757లో దేశంలో మరెక్కడ ఏం జరిగింది? ఉత్తరాదిన ఆ ఏడాదిని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది అఫ్గాన్ పాలకుడు అహ్మద్ షా అబ్దాలీ. బొబ్బిలి పడిన నాలుగు రోజులకు, జనవరి 28న, అతను ఢిల్లీలో అడుగుపెట్టాడు. ఊరిని దోచుకున్నారు. ఫిబ్రవరి ముగిసి మార్చి వచ్చే వేళ, హోలీ రోజుల్లో, మధుర, బృందావనాల్లో జరిగిన ఊచకోత ఆ ఏటి మొత్తంలో అతి ఘోరమైన సంఘటన అని నేననుకుంటాను. సైన్యంలో కలరా పుట్టడంతో అబ్దాలీ వెనక్కి వెళ్లాడు. ఆగస్టులో మరాఠాలు ఢిల్లీ పట్టుకున్నారు. నవంబర్‌లో అమృత్‌సర్ హరిమందిరం కోసం అఫ్గాన్లతో పోరాడి సిక్కు వీరుడు బాబా దీప్ సింగ్ ప్రాణం ఇచ్చాడు. నాలుగేళ్ల తర్వాత జరిగిన మూడో పానిపట్టు యుద్ధానికి దారి పడింది ఈ ఏడాదిలోనే.

రాయలసీమ వాళ్లు మీ పాఠకుల్లో ఉంటే ఇది కూడా వేయండి. ఆ సెప్టెంబర్‌లో కడప దగ్గర బల్వంతరావు మెహెందళే నడిపిన మరాఠా సేనతో పోరాడుతూ కడప నవాబు అబ్దుల్ మజీద్ ఖాన్ చనిపోయాడు. ఉత్తరాన బొబ్బిలి, దక్షిణాన కడప. తెలుగు నేలకు ఆ ఏడాది రెండు వైపులా నెత్తురే.

దేశం బయటి సంగతులు క్లుప్తంగా చెబుతాను, ఇవి మీకు సులభంగానే దొరుకుతాయి. జనవరి 5న ఫ్రాన్సు రాజు 15వ లూయీని దామియాఁ అనేవాడు కత్తితో పొడిచాడు, రాజు బతికాడు. జూన్ 18న కోలిన్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆస్ట్రియా చేతిలో ఓడి, నవంబర్ 5న రోస్‌బాఖ్‌లో ఫ్రెంచి వాళ్ల మీద, డిసెంబర్ 5న లాయ్‌థెన్‌లో మళ్లీ ఆస్ట్రియా మీద గెలిచాడు. మే నెలలో బర్మా రాజు అలౌంగ్‌పయా పెగూను జయించాడు. అదే ఏడాది చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ ఐరోపా వర్తకులు కాంటన్ రేవులో తప్ప మరెక్కడా వ్యాపారం చేయకూడదని ఆజ్ఞ వేశాడు. ఈ చివరిదాన్ని మాత్రం వదలకండి. దాని ఫలితం ఎనభై ఏళ్ల తర్వాత నల్లమందు యుద్ధాల దాకా వెళ్లింది.

జననాలు. నేనైతే నలుగురితో ఆపుతాను. పెద్ద జాబితా వేస్తే పిల్లలు ఒక్కరినీ గుర్తుపెట్టుకోరు.

విలియం బ్లేక్, నవంబర్ 28, లండన్. కవి, చిత్రకారుడు, చెక్కడపు పనివాడు. బతికుండగా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

లఫాయెత్, సెప్టెంబర్ 6, ఫ్రాన్సు. 19 ఏళ్ల వయసులో అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి సముద్రం దాటి వెళ్లాడు. తర్వాత ఫ్రెంచి విప్లవంలోనూ ముందున్నాడు.

థామస్ టెల్ఫర్డ్, ఆగస్టు 9, స్కాట్లాండ్. గొర్రెల కాపరి కొడుకు, రాతిపని నేర్చుకుని గొప్ప ఇంజనీరయ్యాడు. మెనాయ్ జలసంధి మీద వేలాడే వంతెన ఆయనదే, 1826లో తెరిచారు. పల్లెటూరి పిల్లలకు ఈయన కథ బాగా పడుతుంది.

అంతోనియో కనోవా, నవంబర్ 1, ఇటలీ. పాలరాతి శిల్పి.

అలెగ్జాండర్ హామిల్టన్‌ను కూడా కొన్ని చోట్ల 1757 కింద వేస్తారు. పుట్టింది జనవరి 11న. ఏడాది 1755 అని కొందరు, 1757 అని కొందరు. గోడ మీద వేసేటప్పుడు అనుమానం ఉన్న పేరు ఎందుకు, వదిలేయండి.

మరణాలు. సిరాజుద్దౌలా, రంగారావు, మల్లమ్మ దేవి, విజయరామరాజు, పాపారాయుడు, బాబా దీప్ సింగ్, కడప నవాబు, వాట్సన్. విజయరామరాజు, పాపారాయుడి సంగతి చివర్లో వస్తుంది, మిగతావాళ్ల సంగతి పైన చెప్పాను. బయటివాళ్లలో ఫ్రెంచి రచయిత ఫాంతెనెల్ జనవరి 9న పోయాడు, నూరేళ్లు నిండడానికి ఒక్క నెల ఉందనగా. ఇంగ్లండులో నౌకా సేనాని బింగ్‌ను మార్చి 14న కాల్చి చంపారు. మినోర్కా దీవిని కాపాడడంలో శక్తివంచన చేశాడని ఆరోపణ. శిక్ష వేసిన న్యాయస్థానమే క్షమించమని సిఫారసు చేసినా రాజు వినలేదు. 555 సొనాటాలు కూర్చిన సంగీతకారుడు స్కార్లాట్టి జూలై 23న మాడ్రిడ్‌లో, ఉష్ణమాపకానికి 80 డిగ్రీల కొలమానం పెట్టిన రెయోమూర్ అక్టోబర్ 17న ఫ్రాన్సులో మరణించారు.

ఇప్పుడు తేదీల చిక్కు. మీరు అడగలేదు గాని, ఇది చెప్పకపోతే ఎవరో ఒకరు మీ గోడపత్రిక ముందు నిలబడి తప్పు పడతారు.

మన లెక్కలో బొబ్బిలి, ప్లాసీ ఒకే సంవత్సరంలో జరగలేదు. ఉగాది మార్చిలో వచ్చింది. జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం ధాత నామ సంవత్సరంలో పడుతుంది, శాలివాహన శకం 1678. జూన్‌లో జరిగిన ప్లాసీ ఈశ్వర నామ సంవత్సరంలో, శకం 1679. హిజ్రీ లెక్కలోనైతే రెండూ 1170లోనే. పిల్లల చేత ఈ మూడు లెక్కలూ పక్కపక్కన గీయించండి, వాళ్లకు సరదాగా ఉంటుంది.

దీని వల్ల వచ్చే తప్పు నా అనుభవంలో ఒకటి ఉంది. రిటైరయ్యాక పాత కాగితాలు చదివి పెట్టమని కొందరు నా దగ్గరకు తెస్తుంటారు. ఒకాయన తమ ఇంటి ఈనాం పత్రం నకలు తెచ్చాడు. అందులో శకం 1678, ధాత సంవత్సరం, మాఘ మాసం అని ఉంది. పక్కనే ఎవరో ఎర్ర సిరాతో 1756 అని వేశారు. శకానికి 78 కలిపితే 1756 వస్తుంది, నిజమే. కానీ అది ఉగాది నుంచి డిసెంబర్ దాకానే చెల్లుతుంది. జనవరి నుంచి ఉగాది దాకా వచ్చే రోజులకు 79 కలపాలి. మాఘం అంటే జనవరి, ఫిబ్రవరి. కాబట్టి ఆ పత్రం 1757ది. ఆ ఒక్క ఏడాది తేడాతో ఆ ఇంటివాళ్లు తమ ఈనాం బొబ్బిలి యుద్ధానికి ఏడాది ముందుదని తరాలుగా చెప్పుకుంటున్నారు. నిజానికి అది యుద్ధం జరిగిన రోజుల నాటిది. చెబితే ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు.

సంవత్సరం పేరు ఒక్కటే చూసి కూడా తేదీ కట్టకండి. ధాత అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. 1696లో ఒక ధాత, 1756లో ఒకటి, 1816లో మరొకటి మొదలయ్యాయి. పేరు, శకం రెండూ కలిస్తేనే నమ్మాలి.

ఇంగ్లీషు తేదీలకూ చిక్కు ఉంది. అదృష్టం కొద్దీ 1757కు తక్కువ. ఇంగ్లండు 1752లో పాత క్యాలెండర్ మార్చింది. సెప్టెంబర్ 2 తర్వాతి రోజును 14గా లెక్కపెట్టారు. అంతకుముందు అక్కడ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1757 నాటికి ఇంగ్లీషు, ఫ్రెంచి తేదీలు రెండూ కలిశాయి కాబట్టి బొబ్బిలి, ప్లాసీ తేదీల్లో ఆ గొడవ లేదు. రష్యా మాత్రం పాత లెక్కలోనే 11 రోజులు వెనక ఉంది. రష్యా సంఘటన ఏదైనా వేస్తే ఏ లెక్కో చూసుకుని వేయండి.

ఇక పాపారాయుడు. జానపద కథనంలో కోట మీద దాడి జరిగినప్పుడు అతను రాజాంలో ఉన్నాడు. కబురు ఆలస్యంగా అంది, వచ్చి చూసేసరికి అంతా బూడిద. రాత్రి విజయరామరాజు డేరాలోకి చొరబడి పొడిచి చంపి, ప్రాణం వదిలాడు. ఆనాటి సంగతులు రాసిన ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ చెప్పేది కొంచెం వేరు. బొబ్బిలి వాళ్లు నలుగురు పగ తీర్చుకుంటామని ఒట్టు పెట్టుకున్నారు, వాళ్లలో ఇద్దరు మూడో రాత్రి డేరాలోకి దూరారు, రాజు ఒంటి మీద 32 పోట్లు పడ్డాయి, ఆ ఇద్దరినీ కావలివాళ్లు అక్కడే చంపారు. ఎలా చనిపోయాడన్న దగ్గర రెండు కథనాలకూ తేడా ఉంది. కానీ కోట పడ్డాకే ఇది జరిగిందన్న దగ్గర తేడా లేదు, మూడో రాత్రి అన్న లెక్క ఓర్మ్‌ది. కాబట్టి జనవరి 24 రంగారావుకు, మల్లమ్మ దేవికి, కోటలోని వాళ్లకు వేయండి. విజయరామరాజు, పాపారాయుడు పేర్లు రెండూ కలిపి ఒకే వరుసలో రాసి, పక్కన "బొబ్బిలి కోట పడిన మూడో రాత్రి" అని వేయండి. అంకె వేయకపోయినా తప్పు లేదు.